1879 చట్టం పోయింది, అందులోని పేర్లు పోతాయా?

హన్మకొండ అదాలత్ దగ్గర ఆటో దిగి, పాసుపుస్తకం, సమన్లు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరుతో దిక్కులు చూసే మనిషిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. చాయ్ బండి దగ్గర నిలబడ్డతను అందరికంటే ముందే గుర్తుపడతాడు. "ఏ ఊరు కాకా? భూమి పంచాయితా? మనకు తెలిసిన వకీల్ సాబ్ ఉన్నడు, ఫీజు నేను మాట్లాడుత" అంటాడు. ఆ ఫీజులో తన వాటా ఎంతో మాత్రం చెప్పడు. మన దగ్గర పైరవీకారు, బ్రోకర్ అని పిలిచే ఇతని కారణంగానే 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ యాక్ట్ మొన్నటి దాకా బతికింది.

1961 అడ్వకేట్స్ యాక్ట్ వచ్చాక ఆ పాత చట్టంలో చాలా భాగం పోయింది. 1, 3, 36 సెక్షన్లు మాత్రం మిగిలాయి. ఇలా కేసులు పట్టే దళారుల పేర్లతో పెట్టే జాబితా గురించి చెప్పేది 36. ఆ జాబితాకెక్కినవాణ్ని కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా ఆపొచ్చు. 2023 సవరణతో ఆ మిగిలిన ముక్కనూ రద్దు చేసి, 36లోని సంగతిని అడ్వకేట్స్ యాక్ట్‌లో 45ఏగా పెట్టారు. 2024 సెప్టెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటిష్ కాలపు చట్టాన్ని వదిలించుకున్నామన్నారు గానీ చదివితే పాత వాసనే. పేరు ఎక్కాక కూడా ఆ పని చేస్తే శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దళారులు తిరిగే చోట్లలో రైల్వే స్టేషన్లతో పాటు పడవల రేవులూ ఉన్నాయి. కాజీపేట స్టేషన్ సరే, రేవు కావాలంటే మనం గోదావరి దాకా పోవాలి.

అసలు చిక్కు పాత జాబితాకెక్కిన పేర్లతో. "ఆ చట్టమే లేదు కదా, నన్ను గేటు దగ్గర ఎట్ల ఆపుతరు?" అని ఒకతను అడిగాడనుకోండి. జవాబు, చట్టాలను ఎలా చదవాలో చెప్పే 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్‌లో ఉంది. పాతదాన్ని రద్దు చేసే కొత్త చట్టంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, అప్పటికే జరిగిన పని చెల్లుతుంది, వచ్చిన హక్కు ఉంటుంది, పడాల్సిన శిక్ష తప్పదు, నడుస్తున్న విచారణ ఆగదు అంటుంది ఆరో సెక్షన్. ఐపీసీ పోయిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీ సెక్షన్లే రాస్తున్నారు కదా, అదే లెక్క. 24వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒక చట్టాన్ని తీసేసి అదే సంగతిని మళ్లీ చట్టంగా తెస్తే, పాతదాని కింద ఇచ్చిన ఉత్తర్వులు కొత్తదానికి అడ్డం రానంతవరకు కొత్తదాని కింద ఇచ్చినట్టే. జాబితా వేరు, ఉత్తర్వు వేరు అని ఎవరైనా వాదించొచ్చు. కానీ నోటీసిచ్చి, అతని మాట విన్నాకే పేరు చేర్చాలని చట్టం చెప్పినప్పుడు, ఆ చేర్చడం ఉత్తర్వు కాక మరేమవుతుంది? నా ఉద్దేశంలో ఆ పేర్లు చెల్లుతాయి.

తెలుగులో మనకో ఇబ్బంది ఉంది. పార్లమెంటు తీసేసినా 'రద్దు' అంటాం, కోర్టు కొట్టేసినా 'రద్దు' అనే రాస్తాం. రెండూ ఒకటి కావు. పార్లమెంటు తీసేస్తే మామూలుగా ఆ రోజు నుంచే లెక్క. కోర్టు చెల్లదంటే అసలు మొదటి నుంచీ చెల్లనట్టే, కోర్టు వేరేగా చెబితే తప్ప. వేరేగా చెప్పిన సందర్భం ఇటీవలిదే. లాయర్లను నమోదు చేసే బార్ కౌన్సిళ్లు వేలకు వేలు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గుంజడం తప్పని 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చింది. చట్టంలో ఉన్నది జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే. అయితే తీర్పు ఇకముందుకే వర్తిస్తుందని, అంతకుముందు ఎక్కువ తీసుకున్నది వాపసు ఇవ్వక్కర్లేదని కూడా అంది. సుబేదారి లా కాలేజీలో ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరు ఆ జూన్‌లో, ఇంకొకరు సెప్టెంబర్‌లో నమోదైతే వాళ్లకు దక్కిన న్యాయం వేరు. ఆ సొమ్ముతోనే కౌన్సిళ్లు నడిచాయి, వెనక్కి ఇమ్మంటే గందరగోళమే, నిజమే. కానీ మొదటి ఏడాది సీనియర్ లాయర్ ఇచ్చే పెట్రోల్ ఖర్చుతో బతికే జూనియర్‌కు ఆ గందరగోళం అప్పటికే ఇంట్లో ఉంది. కనీసం ఎస్సీ, ఎస్టీ జూనియర్లకైనా వాపసు ఇప్పించి ఉండాల్సింది.

మళ్లీ దళారుల దగ్గరికి వద్దాం. జాబితాను దానికి సంబంధించిన ప్రతి కోర్టులోనూ వేలాడదీయాలి. ఈ వైపు నేను వెళ్లిన కోర్టుల నోటీసు బోర్డుల మీద వేలం ప్రకటనలు చూశాను, ఆ రోజు విచారించే కేసుల కాజ్ లిస్టులు చూశాను. ఈ జాబితా ఒక్కచోటా కనపడలేదు. 24వ సెక్షన్ కాపాడాలన్నా ముందు ఎవరో ఒక పేరు రాసి ఉండాలి కదా. జిల్లా జడ్జికి ఆ అధికారం ఉంది, కలెక్టర్‌కూ ఉంది. ఫలానా మనిషి దళారి అని బార్ అసోసియేషన్ ప్రత్యేకంగా మీటింగ్ పెట్టి మెజారిటీతో తీర్మానిస్తే దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత చట్టమే చెప్పింది. ఆ మీటింగ్‌కు వచ్చేవాళ్లలో చాయ్ బండి దగ్గరి మనిషి చేత కేసులు తెప్పించుకునేవాళ్లూ ఉంటారు.