బడిలో ప్రార్థన సరే, పిల్లలు దేవుడితో మాట్లాడేదెప్పుడు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక మిషన్ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి టీచర్‌ని. బడి మళ్ళీ తెరిచేసరికి ఊళ్ళో ఇంకా కరెంటు లేదు, పెరళ్ళలో కొబ్బరిచెట్లు పడినవి పడినట్టే ఉన్నాయి. ఆ వారం బైబిలు పీరియడ్‌కు వచ్చిన పాఠం యేసు గలిలయ సముద్రంలో తుఫానును గద్దించి ఆపిన కథ. జూన్‌లో వేసుకున్న సిలబస్ ప్రకారం వచ్చిన పాఠం అది, మార్చాలని ఎవరికీ తట్టలేదు. సగం చెప్పేసరికి ముందు వరసలో కూర్చునే ఒక పాప లేచి, "మరి మా చెట్లు పడిపోతంటే ఎందుకు ఆపనేదు టీచర్?" అని అడిగింది. వాళ్ళింటి వెనక ఉన్నవి పదో పన్నెండో చెట్లు. అన్నీ పోయాయి.

నేనన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "దేవుణ్ణి అలా అడక్కూడదమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ ఏడాదంతా ఆ పీరియడ్‌లో మళ్ళీ నోరు విప్పలేదు. పరీక్షలో మాత్రం ఆ పాఠానికి పదికి పది తెచ్చుకుంది.

క్రైస్తవ బడుల్లో పిల్లల ఆధ్యాత్మికత గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ పదికి పదే గుర్తుకొస్తుంది. పిల్లలకు దేవుడి గురించి మనం చాలా చెబుతున్నాం, చెప్పింది అప్పజెప్పించుకుంటున్నాం, దానికి మార్కులు కూడా వేస్తున్నాం. వాళ్ళ లోపల ఏం జరుగుతోందో వినడానికి మాత్రం టైమ్ టేబుల్‌లో అయిదు నిమిషాలు కూడా పెట్టలేదు. పిల్లల్లో ఆధ్యాత్మికతను పెంచడమంటే మొదట ఈ వినడమేనని నా నమ్మకం, మిగతాదంతా దాని వెనకే రావాలి.

మన బడులు ఎలా నడుస్తాయో తెలిసిందే. ఉదయం అసెంబ్లీలో పాట, ప్రార్థన, ఒక వాక్యం. వారానికి ఒకటో రెండో బైబిలు పీరియడ్లు. కంఠత వాక్యాల పోటీ, దానికి స్టీలు గిన్నెలు బహుమతి. డిసెంబరు వస్తే క్రిస్మస్ నాటిక, కాపరులకు తలకు చుట్టిన తువ్వాళ్ళు, దేవదూతలకు అట్ట రెక్కలు. వీటిలో ఏదీ తీసెయ్యమని నేను అనను. చిన్నప్పుడు నోటికొచ్చిన వాక్యం ముప్పై ఏళ్ళ తర్వాత ఆస్పత్రి వరండాలో మనిషిని నిలబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఈ పద్ధతికి చరిత్ర కూడా ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టిన దగ్గర్నుంచి, తర్వాత కెనడియన్ బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వచ్చేదాకా, ఈ ప్రాంతంలో చర్చి పక్కనే బడి లేచింది. పుస్తకం దొరకడమే గగనమైన కాలంలో కంఠతా పట్టించక ఏం చేస్తారు? ఇప్పుడు ఆ కొరత లేదు. అయినా అదే పద్ధతి, పైగా ర్యాంకులు తోడయ్యాయి. వాక్యం అప్పజెప్పలేక ఏడ్చిన ఏడేళ్ళ పిల్లవాడికి ఆ వాక్యంలో ఏముందో గుర్తుండదు, ఏడుపే గుర్తుంటుంది.

1990లలో ఇంగ్లండ్‌లో డేవిడ్ హే, రెబెకా నై అనే ఇద్దరు పరిశోధకులు ఆరేడేళ్ళ పిల్లలతో, పది పదకొండేళ్ళ పిల్లలతో విడివిడిగా కూర్చుని తీరిగ్గా మాట్లాడారు. మతం పాటించే ఇళ్ళ పిల్లలు కొందరు, ఏ మతం ఊసూ లేని ఇళ్ళ పిల్లలు చాలామంది. వాళ్ళు గమనించింది ఏమిటంటే, మతం సంగతి ఎలా ఉన్నా ప్రతి పిల్లలోనూ ఒక ఆధ్యాత్మికత ఉంది. తనతో, తోటివాళ్ళతో, చుట్టూ ఉన్న లోకంతో, దేవుడితో తనకు ఏదో సంబంధం ఉందని ఆ పిల్లకు తెలుస్తూ ఉంటుంది. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, ఎరుక. వాళ్ళు గమనించిన మరో సంగతి టీచర్లను కలవరపెట్టాలి. పెద్దవుతున్నకొద్దీ పిల్లలు ఈ మాటలు బయటికి అనడానికి సిగ్గుపడతారు, ఎవరైనా నవ్వుతారేమోనని దాచుకుంటారు. ప్రాథమిక పాఠశాల దాటేలోపే ఆ తలుపు మూసుకోవడం మొదలవుతుందన్న మాట. నేను ఒక తలుపు నా చేత్తోనే మూశాను.

మన దగ్గర పిల్లలకు అడగడానికి ప్రశ్నలు లేవా? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో ఏ తరగతిలో చూసినా కిడ్నీ జబ్బుతో మంచాన ఉన్న తాతో, తండ్రో ఉన్న పిల్లలు కనిపిస్తారు. తీరం వెంట ఊళ్ళలో నాన్న వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిన పిల్లలుంటారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్ చెరలో పడిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఆ ఏడాదికి పైగా వాళ్ళ పిల్లలు ఏదో ఒక బడి అసెంబ్లీలో చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడే ఉంటారు. మైకులో వినిపించే ప్రార్థనకూ వాళ్ళ గుండెలో ఉన్న మాటకూ ఏమైనా కలిసిందా?

ఇక్కడ భాష సంగతి కూడా చెప్పాలి. మన ప్రార్థనల భాష వినండి, "మహా కృపగల పరలోకపు తండ్రీ, స్తోత్రములు చెల్లించుచున్నాము, వేడుకొనుచున్నాము". పెద్దలకు ఆ మాటల్లో ఒక గాంభీర్యం ఉంది, నాకూ ఇష్టమే. కానీ రెండో తరగతి పిల్లకు అది ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు. దేవుడితో మాట్లాడాలంటే వేరే భాష రావాలి కాబోలు, అది రాని నేను ఊరుకోవడమే మంచిది అనుకుంటుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది దీని గురించే కదా. మనిషి నోట్లో ఉన్న భాషలోనే చదువు ఉండాలన్నారు, సవర గిరిజన పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని వాళ్ళకు బడులు పెట్టారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసే మన బడుల్లో పిల్లవాడు "దేవుడా, నాకు బయమేస్తంది" అంటే ఆ మాటను సరిదిద్దకూడదు. ఆ మాట సరిగ్గానే ఉంది.

కథ చెప్పే తీరు కూడా ముఖ్యమే. రోమ్‌లో సోఫియా కవల్లెట్టి అనే ఆమె 1954 నుంచి మాంటిస్సోరి పద్ధతిలో పసిపిల్లలకు బైబిలు కథలు చెప్పింది. చిన్న చిన్న బొమ్మలు, కాపరి, గొర్రెలు, దొడ్డి. కథ అయ్యాక నీతి చెప్పదు, పిల్లలను వాటితో వదిలేస్తుంది, వాళ్ళే కదుపుకుంటూ వాళ్ళలో వాళ్ళే ఆలోచించుకుంటారు. ఇది మన దగ్గర ఇంకా బాగా కుదురుతుంది. వేసవిలో ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద కట్టించడం మన ఊళ్ళ పిల్లలు చూసిందే. తప్పిపోయిన గొర్రె కథ చెప్పి నేను ఊరుకుంటే, ఒక పిల్లవాడు తనంతట తానే, "మంద కాడ రాత్రంతా కాపరి కూడా నేలమీదే పడుకుంటాడు టీచర్, దోమలు కుడతాయి" అన్నాడు. ఆ కథ మీద నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి, దోమల మాట ఎవరూ చెప్పలేదు. దేవుడు మనతో ఉన్నాడంటే ఏమిటో ఆ పిల్లవాడికి అందింది, నేను చెప్పకుండానే.

మన బడుల్లో ఎక్కువమంది హిందూ ఇళ్ళ పిల్లలు. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి అమ్మానాన్నల భుజాలెక్కి వెళ్ళినవాళ్ళు, అరసవల్లి మొక్కులు తెలిసినవాళ్ళు. ఆ మర్నాడు బడిలో ఆ సంబరం చెప్పబోయిన పిల్లను ఏ టీచరైనా "అలాంటివి చూడకూడదు" అంటే, ఆ పిల్లలో అంతకుముందు రోజు కలిగిన భక్తినీ, ఆశ్చర్యాన్నీ, అమ్మ మీద నమ్మకాన్నీ ఒక్క మాటతో తొక్కేసినట్టే. క్రైస్తవురాలిగా చెబుతున్నాను, అది సువార్త కాదు. చట్టం కూడా మనకు ఒక హద్దు పెట్టింది. ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ నిధుల సాయం గానీ ఉన్న బడిలో పిల్లలను మతబోధలో, ఆరాధనలో పాల్గొనేలా చెయ్యాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. సొంత బడులు పెట్టుకుని నడుపుకోవడానికి 30వ అధికరణ మైనారిటీలకు ఇచ్చిన హక్కు గురించి మాట్లాడేటప్పుడు మన మేనేజ్‌మెంట్లు దీన్ని కూడా అంతే గట్టిగా చదవాలి. ఇండియా 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా పిల్లల ఆధ్యాత్మిక ఎదుగుదలను ఒక అవసరంగా గుర్తిస్తూనే, మనస్సాక్షి స్వేచ్ఛ పిల్లలకూ ఉందని చెబుతుంది.

ఈ విషయంలో మనమే ఒకప్పుడు అవతలి పక్కన ఉన్నాం. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వస్తుంటే గౌరవంగా నిలబడ్డారు గానీ విశ్వాసం కారణంగా పాడలేదు. బడి వాళ్ళను పంపేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారే. పెదవి కదపకుండా నిలబడిన పిల్ల మనసును దేశంలోకెల్లా పెద్ద కోర్టు గౌరవించినప్పుడు, మన అసెంబ్లీలో కళ్ళు తెరిచి ఊరికే నిలబడిన పిల్లను మనం ఎందుకు గదమాయించాలి?

బైబిల్లోనే సమూయేలు కథ ఉంది. గుడిలో పడుకున్న పిల్లవాణ్ణి రాత్రి ఎవరో పిలుస్తారు, వాడు మూడుసార్లూ ముసలి ఏలీ దగ్గరికే పరుగెత్తుతాడు. ఏలీ పెద్ద గొప్పవాడేం కాదు, చూపు మందగించినవాడు, కన్నకొడుకులను దారిలో పెట్టలేకపోయినవాడు. కానీ ఆ రాత్రి సరైన పని చేశాడు. దేవుడు ఏం చెబుతాడో తాను ముందే చెప్పెయ్యలేదు. వెళ్ళి పడుకో, మళ్ళీ పిలిస్తే వింటున్నానని చెప్పు, అన్నాడంతే. ప్రాథమిక పాఠశాల టీచరు పని ఇదేనని నాకు అనిపిస్తుంది. దీనికి డబ్బు అక్కర్లేదు. ప్రార్థన తర్వాత మైకు ఆపి ఒక నిమిషం ఊరుకోవచ్చు. బైబిలు పీరియడ్‌కు మార్కులు తీసెయ్యవచ్చు, ఇది మేనేజ్‌మెంట్ ఒక్క మీటింగ్‌లో తేల్చగలిగిన పని. పిల్లలు కష్టమైన ప్రశ్న అడిగితే "నాకూ తెలియదమ్మా, నేనూ అడుగుతుంటాను" అనడానికి టీచర్లకు ధైర్యమివ్వాలి, అలా అన్నందుకు కరస్పాండెంట్ పిలిచి అడగడన్న భరోసా ఇవ్వాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. టీచర్లు తమ సందేహాలను దాచుకుని బతికే చోట పిల్లలు మాత్రం నోరు విప్పుతారా?

రెండేళ్ళ క్రితం అదే తుఫాను పాఠం మళ్ళీ నా వంతుకు వచ్చింది. ఈసారి కథ చెప్పి, ఆ పడవలో మీరుంటే ఏమనేవారు అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, నాలుగుసార్లు నోటిదాకా వచ్చిన జవాబు మింగాను. చివరికి వెనక బెంచీలో ఒక పిల్లవాడు, వాళ్ళ తాతను డయాలసిస్‌కు తీసుకెళ్తారు, ఎవరినీ చూడకుండా కిటికీ వైపు తిరిగి అన్నాడు, "దేవుడా, ఆపకపోతే పోనీ. మా తాతకి సూది దించినప్పుడు పక్కన కూకో."

ఎవరూ నవ్వలేదు. ఆమేన్ అనడం నేనూ మరిచిపోయాను. కాసేపటికి లెక్కల పీరియడ్ బెల్లు కొట్టారు.