రోగి పక్కన కూర్చోవడానికీ శిక్షణ కావాలి

ఆసుపత్రి వార్డుల్లో ప్రార్థనల ప్రస్తావన వస్తే చాలు, చర్చ మతమార్పిడి దగ్గరే ఆగిపోతుంది. ఆ వాదోపవాదాలు పాఠకులకు తెలిసినవే. రోగిని పరామర్శించడానికి మంచి మనసుంటే చాలునని క్రైస్తవ సంఘాలు అనుకుంటున్నాయి. అది అసలు ఆసుపత్రి పనే కాదని ప్రభుత్వాలు అనుకుంటున్నాయి. రెండూ పొరపాటే.

1925లో అమెరికాలోని వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరి వేదాంత విద్యార్థులకు వార్డుల్లోనే శిక్షణ మొదలుపెట్టారు. అంతకుముందు ఆయనే మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఆ ఒరవడిలో రూపుదిద్దుకున్న శిక్షణలో విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను గుర్తు తెచ్చుకుని మాటకు మాట రాయాలి. రోగి తన భయం చెప్పుకోబోతుంటే మధ్యలో నువ్వు బైబిలు వాక్యం ఎందుకు ఎత్తుకున్నావని గురువూ తోటివాళ్లూ నిలదీస్తారు.

మన వార్డుల్లో ఆదివారాలు కనిపించేది వేరు. నలుగురైదుగురు వచ్చి, సెలైన్ ఎక్కుతున్న మనిషి తలమీద చేయి వేసి, పక్క మంచం మీది రోగి ఉలిక్కిపడేలా స్వస్థత కోసం ప్రార్థించి, కరపత్రం దిండు కింద పెట్టి వెళ్లిపోతారు. రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే ఆసుపత్రి ఉద్యోగి, అంటే శిక్షణ పొందిన చాప్లెయిన్ అయితే స్టూలు లాక్కుని కూర్చుని, ఇప్పుడు మాట్లాడాలని ఉందా, మళ్లీ రమ్మంటారా అని అడుగుతారు. డాక్టరునూ నర్సునూ వద్దనలేని రోగికి, వద్దని చెప్పే హక్కు ఆ రోజంతటికీ దొరికేది బహుశా అక్కడే.

మంచాన పడ్డవాడు లేచి వెళ్లిపోలేడు కాబట్టి, ఇదంతా దొడ్డిదారి ప్రచారమనే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే అది శిక్షణ లేని పరామర్శను ఆపడానికి కారణం అవుతుందే గాని, రోగి మాట వినేవాళ్లు ఎవరూ లేకుండా చేయడానికి కారణం కాదు.

ఎందుకంటే మన ఆసుపత్రుల్లో రోగికి తన జబ్బు సంగతే సరిగా తెలియనివ్వరు. కేన్సర్ అని తేలగానే కొడుకును బయటికి పిలిచి చెబుతారు. నాన్నకు చెప్పకండి డాక్టర్ గారూ అని కొడుకు బతిమాలతాడు. తండ్రికి అప్పటికే అనుమానం తగిలి, పిల్లలు బాధపడతారని ఆయనా నోరు మెదపడు. అందరూ ప్రేమతోనే అబద్ధమాడుతున్న ఆ గదిలో, తాను పోతానా అని రోగి ఎవరిని అడగాలి? 1967లో లండన్‌లో మరణానికి చేరువైన రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ రోగి నొప్పిని శరీరానికే పరిమితం చేయలేదు. మనసునూ కుటుంబాన్నీ ఆధ్యాత్మిక ఆందోళననూ అందులో కలిపి చూశారు. తీవ్రమైన జబ్బుల్లో రోగి బాధను తగ్గించే ఉపశమన చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక సమస్యల ప్రస్తావన ఉంది.

చిత్తూరు వైపు జనానికి పెద్ద జబ్బంటే గుర్తొచ్చేది తమిళనాడులోని రాయవేలూరే (వెల్లూరు). 1900లో అమెరికన్ మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ అక్కడ నాటిన ఆసుపత్రిలో చాప్లెయిన్లకు ప్రత్యేక విభాగమే ఉంది. సంఘాలు స్వస్థత సభల మీద పెట్టే ఖర్చులో కొంత అటువంటి శిక్షణకు మళ్లించాలి. ప్రభుత్వం కనీసం ఉపశమన చికిత్సా కేంద్రాల్లోనైనా ఇందుకొక ఉద్యోగం ఏర్పాటు చేసి, జవాబుదారీ నియమాలు రాయాలి. ఆ ఉద్యోగంలోకి వచ్చేవారు క్రైస్తవులే కానక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముస్లిం, హిందూ చాప్లెయిన్లు కూడా పనిచేస్తున్నారు.