సున్నాలు దిద్దించే ఓఎంఆర్ షీటు గారికి

మహారాజశ్రీ ఓఎంఆర్ షీటు గారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం నుంచి తమ విధేయులు రాయునది. ఇక్కడ పెద్దలం క్షేమం. పిల్లల క్షేమం ఆదివారం వీక్లీ టెస్టు మార్కులొచ్చాక తెలుస్తుంది.

పూర్వం పలక మీద ఓనమాలు దిద్దించేవారు. జవాబు గుండ్రాన్ని నింపితే యంత్రంతో చదివించుకునే తమరి ఏలుబడిలో, ఆరో తరగతి నుంచే పోటీపరీక్షల ఫౌండేషన్ పేరుతో సున్నాలు దిద్దిస్తున్నాం. అప్పట్లో సున్నా తెచ్చుకుంటే వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు అంచు దాటకుండా సున్నా నింపడమూ ఒక విద్యే. బ్రహ్మ కూడా నుదుటి రాత నల్ల బాల్‌పెన్నుతో, కొట్టివేతల్లేకుండా రాసుంటాడని ద్వారకానగర్ కోచింగుల్లో నమ్మకం.

తమరి చూపు సంగతి తెలియనిది కాదు. అంచున ఉన్న నల్లగీతలతో వరస పోల్చుకుంటారు. ఏ గుండ్రం నుంచి వెలుతురు తక్కువగా తిరిగొస్తే అదే జవాబు. టిక్కు పెడితే ఆనదు, సగం నింపితే తమరి దయ. లెక్క కట్టి దిద్దాడా, కళ్లు మూసుకుని దిద్దాడా? అది తమరికి అనవసరం.

డాక్టరు చదువు ప్రవేశపరీక్ష నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. సున్నాకు 5 సెకన్ల చొప్పున 15 నిమిషాలు తమరి సింగారానికే పోతాయి. ఇక ఆలోచనకు మిగిలేది ప్రశ్నకు 55 సెకన్లు. అన్నీ చివర్లో నింపుదామనుకున్నవాడు సగంలో ఉండగానే గంట కొడతారు. 46 వదిలేసి, 47 జవాబును 46లో దిద్దాడా, కింది వరసంతా ఒక్కో మెట్టు పైకి జరిగినట్టే. అందుకే పేజీ అవగానే ఆ పేజీవి నింపమని, ప్రతి పదో ప్రశ్న దగ్గర నంబరు సరిచూసుకోమని మాస్టార్లు పోరతారు.

పైగా మాది పేరుకు ఉక్కు నగరం, మే నెలలో ఉక్క నగరం. చెమట చెయ్యి తగిలి ఇంకు పక్క సున్నాకు అలుక్కుంటే, రెండు జవాబులిచ్చాడని తమరి తీర్పు! చేతి కింద ప్రశ్నపత్రం వేసుకోవడమే గతి.

ఒప్పుకు నాలుగు మార్కులిచ్చి, తప్పుకు ఒక మార్కు కోసి గుడ్డి బాణాలు ఆపుతారట. నాలుగు ఆప్షన్ల మీద నాలుగు గుడ్డి బాణాలు వేస్తే సగటున ఒకటి తగులుతుంది. 4 వచ్చి 3 పోతే మార్కు లాభమే కదండీ? రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే రెండు బాణాలకే మూడు మార్కులు. ప్రాబబిలిటీ పాఠం రానివాడికీ ఈ బేరం వచ్చు.

తమరి వల్ల మాస్టార్లకు పేపర్లు దిద్దే చాకిరీ తప్పింది, ఒప్పుకుంటాం. కానీ మైనస్ గుర్తు మరిచినవాడూ, యూనిట్లు మార్చనివాడూ, పాఠమే అర్థం కానివాడూ తమరికి ఒక్కటే. ఇంటికొచ్చే మెసేజ్‌లో ర్యాంకుంటుంది, ఎక్కడ తడబడ్డాడో ఉండదు. అమ్మానాన్నలు ర్యాంకును తిట్టాలా, పిల్లవాణ్ణి తిట్టాలా తెలియక ఇద్దర్నీ తిడతారు. ఇక మైటోకాండ్రియా గురించి నాలుగు వాక్యాలు రాయమంటే, ఆప్షన్లేవీ అని వెతుక్కుంటున్నారు పిల్లలు.

ఒక్కటే విన్నపం. వారం వారం టెస్టులో ఐదంటే ఐదు ప్రశ్నలకు తెల్లకాగితం మీద జవాబు మెట్టు మెట్టుగా రాయనివ్వండి. అవి మాస్టారు చూస్తారు, తమరు శ్రమపడక్కర్లేదు.

ఈ ఉత్తరాన్ని మడవకుండానే పంపుతున్నాం. మడత పడితే తమరు చదవరు కదా.

ఇట్లు,
తమ విధేయులు