మెడికల్ ప్రయారిటీ ఇవ్వలేదని వదిలేయకండి

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్లపై (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) నేను చదివిన ఒక వ్యాసంలో, మెడికల్ ప్రయారిటీ (అనారోగ్యం వల్ల ఇంటి కేటాయింపులో ఇచ్చే ప్రాధాన్యం) కుదరదని ఉత్తరం వస్తే ఇక చేసేదేమీ లేదన్నారు. అది సరికాదండీ. 1996 హౌసింగ్ చట్టం 166ఏ సెక్షన్ ప్రకారం, మన కేసులోని వాస్తవాలపై కౌన్సిల్ తీసుకున్న నిర్ణయాన్ని రివ్యూ చేయమని అడిగే హక్కు ఉంది. గడువు చాలాచోట్ల 21 రోజులే, అందుకే ఉత్తరం రాగానే కదలాలి.

మా పక్కింటి ఆంటీకి మోకాళ్లు అరిగిపోయాయి, పైగా ఆస్తమా. ఉండేది లిఫ్ట్ లేని మూడో అంతస్తులో. మెట్ల మలుపులో సంచులు కింద పెట్టి, ఊపిరి అందేదాకా రెయిలింగ్ పట్టుకుని నిలబడేవారు. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లెటర్‌లో మాత్రం జబ్బుల పేర్లు, మందుల పేర్లు తప్ప ఈ మెట్ల ఊసే లేదు. కౌన్సిల్ వైద్య సలహాదారు మనిషిని చూడకుండానే, కాగితాలు చూసి కాదనేశారు. చాలామంది కేసులు దెబ్బతినేది ఇక్కడే. జబ్బు ఉందని చూపిస్తే చాలదు. ఈ ఇంటివల్ల అది ఎలా ముదురుతోందో, ఇల్లు మారితే ఏం మెరుగవుతుందో రాయించాలి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనుల్లో ఇబ్బందులను అంచనా వేసే నిపుణులు) రిపోర్ట్‌లో అదంతా వచ్చాక, రివ్యూలో ఆవిడ బ్యాండ్ (వెయిటింగ్ లిస్ట్‌లో ప్రాధాన్య వర్గం) పైకి మారింది.

రివ్యూలోనూ కాదంటే, కౌన్సిల్ పద్ధతి ప్రకారం నడవలేదని ఆంబుడ్స్‌మన్‌కి (కౌన్సిళ్లపై ఫిర్యాదులు చూసే స్వతంత్ర అధికారి) ఫిర్యాదు చేయొచ్చు. జ్యుడీషియల్ రివ్యూకైతే (నిర్ణయం చట్టబద్ధమేనా అని కోర్టు చూడటం) వెంటనే లాయర్‌ని కలవాలి, మూడు నెలలు దాటితే కష్టం. అన్నిటికన్నా ముందు ఆ వైద్య సలహాదారు ఏం రాశారో కాపీ అడిగి తీసుకోండి. జవాబు చెప్పాల్సింది దానికే.