పిల్లల ఫోను: చూడాలి, చెప్పి చూడాలి

రాజోలు వైపు ఒక ఊళ్లో నాకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి ఉంది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కూతురు అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ అమ్మాయి ఫోను తల్లి పంపిన డబ్బుతో కొన్నది, అందులో సిమ్ అమ్మమ్మ పేరున, గూగుల్ ఖాతా తల్లి పేరున ఉన్నాయి. ఒక సాయంత్రం పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు అమ్మమ్మ ఆ ఫోను అందుకుని, తెరను కొంగుతో తుడిచి, ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ, కాలేజీ వార్షికోత్సవంలో ఒక కుర్రాడు పక్కన నిలబడిన ఫొటో దగ్గర ఆగిపోయింది. మర్నాటి నుంచి ఫోను బీరువాలో ఉంది. రాత్రిపూట తల్లితో వీడియోలో మాట్లాడుకునే అరగంట కూడా దానితోపాటే బీరువాలోకి వెళ్లింది.

కోనసీమ నుంచీ, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచీ గల్ఫ్‌కు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. అందువల్ల పిల్లల ఫోనును పెద్దలు చూడవచ్చా అన్న ప్రశ్న ఈ డెల్టాలో మరికొంత చిక్కుపడుతుంది. చూసేది ఎవరు, దేనికోసం చూస్తున్నారు, చూశాక ఏం చేస్తారు అన్నవి కూడా ఇక్కడ తేలాలి.

పెద్దలు చూడాలనే నా అభిప్రాయం. పదమూడేళ్ల పిల్లవాడికి హద్దులేమీ లేకుండా ఫోను అప్పగించడం నిర్లక్ష్యమే అవుతుంది. అయితే ఏం చూస్తున్నామో ఆ పిల్లవాడికి ముందే చెప్పి తీరాలి. చాటుగా చదివిన సందేశం ఏదో ఒక రోజు గొడవలో బయటపడుతుంది, ఆ తరువాత పిల్లలు రెండో ఖాతా తెరుస్తారు, స్నేహితుల ఫోన్లు వాడుకుంటారు, ఇంట్లోవాళ్లకు కనిపించేది ఖాళీ ఫోను మాత్రమే.

అసలు ప్రమాదం ఎక్కడుందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. స్నేహం నటించి ఫొటో తెప్పించుకుని, దాన్ని బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజేవాడి బలమంతా, పిల్ల ఇంట్లో చెప్పుకోలేకపోతుందన్న నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది. చెబితే ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, సంబంధాలు చూడడం మొదలుపెడతారు అని భయపడే అమ్మాయి వాడు అడిగినంతా ఇవ్వడానికి ప్రయత్నిస్తుంది. కాబట్టి ఏ యాప్ పెట్టడానికన్నా ముందు పెద్దలు ఇవ్వవలసిన మాట ఒకటుంది: ‘ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు ఫోను తీసుకోను.’ సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లు ఉన్నాయి; కానీ ఆ నంబరుకు ఫోన్ చేయించే ధైర్యం ఇంట్లోనే దొరకాలి.

మరి ఎంతవరకు చూడాలి? భీమవరం, ముమ్మిడివరం చుట్టుపక్కల రొయ్యల రైతును గమనించండి. రొయ్య ఎలా ఉందో తెలుసుకోవడానికి అతను చెరువు ఎండగట్టడు. చెక్ ట్రే పైకెత్తి, మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూస్తాడు. తేడా కనిపిస్తే అప్పుడు లోతుకు వెళ్తాడు. పిల్లల విషయంలోనూ నిద్ర తగ్గిందా, ఫోను మోగగానే ముఖం మారుతోందా, కొత్తగా ఎవరితో మాట్లాడుతోంది, డబ్బు అడుగుతోందా అన్నవి చాలావరకు చెప్పేస్తాయి. ప్రాణానికో మానానికో ముప్పు ఉందని గట్టి అనుమానం కలిగితే సందేశాలు కూడా చదవవలసిందే, అదీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని.

ఇప్పుడున్న సాధనాలు కూడా దాదాపు ఈ గీతనే పాటిస్తున్నాయి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో ఫోను వాడిన సమయం, యాప్‌లు, ఉన్న చోటు తెలుస్తాయి కానీ సందేశాలు కనిపించవు. ఇన్‌స్టాగ్రామ్ 2024లో తెచ్చిన టీన్ ఖాతాల్లో, తల్లిదండ్రులు పర్యవేక్షణను జతచేసుకుంటే, గత ఏడు రోజుల్లో పిల్లలు ఎవరితో మాట్లాడారో చూడవచ్చు, ఏం మాట్లాడారో చదవలేరు. ఇవన్నీ పనిచేయాలంటే ఖాతాలో పిల్లల నిజమైన పుట్టిన తేదీ ఉండాలి. మన ఇళ్లలో ఖాతా తల్లి వివరాలతో తెరిచి ఉండడంతో, పదహారేళ్ల అమ్మాయిని ఆ కంపెనీ నలభై ఏళ్ల మహిళగా లెక్కిస్తోంది. పిల్లల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ రక్షణ కూడా ఇక్కడే జారిపోతుంది.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఇంట్లో ఆ హక్కు అందరికీ సమానంగా అందడం లేదన్నది నన్ను ఎక్కువగా బాధపెడుతున్న సంగతి. చెల్లెలి ఫోను అన్న తనిఖీ చేస్తాడు, అన్న ఫోను మాత్రం ఎవరూ అడగరు. ఆడపిల్లల ఫొటోలు అడిగేదీ, పంచుకునేదీ, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పోగొట్టుకునేదీ ఎక్కువగా ఆ అడగని ఫోన్ల నుంచే అని నా అనుభవం. నియమం పెడితే ఇద్దరికీ ఒకటే పెట్టాలి.

ఆ రాజోలు ఇంట్లో ఫోను పది రోజులకు బయటికి వచ్చింది. కువైట్‌లో సెలవు దొరికిన ఒక శుక్రవారం తల్లి వీడియోలో గంటన్నర కూర్చుంది. పిల్ల పాత ఖాతా తీసేసి తన పుట్టిన తేదీతో కొత్తది తెరుచుకుంది, రాత్రి పది తరువాత ఫోను అమ్మమ్మ మంచం దగ్గర పెట్టడానికి ఒప్పుకుంది. ఆ ఫొటోలో కుర్రాడు ఎవరని తల్లి అడిగింది. పిల్ల పేరు చెప్పింది.