ఒకే రాతిగట్టు, అర్ధశతాబ్దపు పరిశోధన

అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ అనగానే జీవశాస్త్రం చదివినవాళ్లకు కీస్టోన్ స్పీషీస్ గుర్తొస్తుంది. సంఖ్యలో తక్కువైనా, తాను పోతే చుట్టూ ఉన్న జీవజాలాన్నంతా తారుమారు చేసే జీవి అది. 1969లో ఆ పేరు పెట్టింది ఆయనే. నన్నడిగితే ఆ పేరు కన్నా ఆయన పని చేసిన తీరే గొప్పది. ఇవాళ్టి యూనివర్సిటీల్లో దానికి చోటు దొరకడం కష్టం.

1962లో సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరిన పెయిన్, మరుసటి ఏడాది జూన్‌లో పసిఫిక్ తీరంలోని మకా బే దగ్గర ఒక రాతిగట్టు ఎంచుకున్నారు. పొడవు సుమారు 8 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. పాటు వేళ నీళ్లు దిగగానే అక్కడి పిసాస్టర్ అనే నక్షత్ర చేపలను పెకలించి సముద్రంలోకి విసిరేసేవారు. పక్క భాగాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. అప్పటిదాకా తీరజీవుల అధ్యయనమంటే చాలావరకు ఏది ఎక్కడ ఉందో, ఎన్ని ఉన్నాయో రాసుకోవడమే. పెయిన్ కన్నా కాస్త ముందు స్కాట్లాండ్‌లో రాళ్లకు అతుక్కుని బతికే గుల్ల జీవులైన బార్నకిల్స్‌పై ప్రయోగాలు చేసిన జోసెఫ్ కానెల్ లాంటివాళ్లు అరుదు.

వేటాడే జీవి లేకపోతే మిగతావి హాయిగా పెరుగుతాయనే ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. 1966లో ఆయన ప్రచురించిన లెక్క ప్రకారం, 15 రకాల జీవులున్న చోట 8 మిగిలాయి. అలలు కొట్టే రాతి మీద అసలు కొరత జాగాకే. ఆ పోటీలో చివరికి గెలిచేది ఆల్చిప్పలు. నక్షత్ర చేపలు వాటిని తింటూ ఉంటేనే నాచుకు, బార్నకిల్స్‌కు, మిగతా చిన్న జీవులకు జాగా మిగులుతుంది. రైల్లో సీట్లన్నీ ఒకే కుటుంబం తువ్వాళ్లు వేసి ఆపుకోకుండా చూసే టీసీ లాంటిదన్నమాట ఆ నక్షత్ర చేప.

ఈ ఆలోచన మకా బే దాటి చాలా దూరం వెళ్లింది. 1971లో అలాస్కా దగ్గరి అలూషియన్ దీవుల్లో పెయిన్‌ను కలిసిన జిమ్ ఎస్టెస్ అప్పటికి కుర్ర పరిశోధకుడు. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవులు సీ ఆటర్లను (సముద్రపు నీటికుక్కలను) ఎలా పోషిస్తున్నాయో చూద్దామనుకుంటున్నాడు. పెయిన్ ప్రశ్నను తిరగేశారు: సీ ఆటర్లు కెల్ప్‌ను ఏం చేస్తున్నాయో చూడమన్నారు. ఆటర్లు లేని దీవుల చుట్టూ, ఆటర్లకు ఆహారమైన సీ అర్చిన్లు అనే ముళ్ల జీవులు కెల్ప్‌ను మేసేసి అడుగంతా బోడి చేసినట్టు 1974లో ఎస్టెస్, పాల్మిసానో చూపించారు.

అయితే ఈ పేరుకు వచ్చినంత మోజు అంతా మంచిది కాదు. ఒక దశలో ప్రతి పరిశోధకుడూ తన జీవిని కీస్టోన్ అనేశాడు. పెయిన్ శిష్యుడు బ్రూస్ మెంగే బృందమే 1994లో ఒరెగాన్‌ తీరంలో పరిశీలించి, పిసాస్టర్ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉండదని తేల్చింది. అలల తాకిడి బలంగా ఉన్నచోట ఎక్కువ, మరుగున్న చోట తక్కువ. గురువు సిద్ధాంతానికి హద్దులు గీసింది శిష్యులే కావడం నాకు నచ్చిన విషయం.

పెయిన్ 2016లో చనిపోయేదాకా ఆ తీరంతో, దగ్గర్లోని టటూష్ దీవితో సంబంధం వదల్లేదు. ఆ ఓపిక ఫలితం వేరే రూపంలో వచ్చింది. ఆయన శిష్యులు టిమ్ వూటన్, క్యాథరిన్ ఫిస్టర్ 2000 నుంచి టటూష్ నీళ్ల ఆమ్లత కొలిచారు. అక్కడ పీహెచ్ (అది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) పడిపోతున్న వేగం కంప్యూటర్ మోడళ్లు చెప్పినదానికి పది రెట్లకు పైనే ఉందని 2008లో వెల్లడించారు. నక్షత్ర చేపల కోసం మొదలైన చోట ఇలాంటిది బయటపడుతుందని 1960ల్లో ఏ ప్రాజెక్టు ప్రపోజల్‌లో రాయగలరు?

మన దగ్గర పరిశోధన ప్రాజెక్టు అంటే సాధారణంగా మూడేళ్లు. మూడో ఏడాది సగం రిపోర్టుల టెన్షన్‌కే సరి. డబ్బు లేకనే ఇలాంటి పనులు జరగడం లేదన్న వాదన నాకు సగమే నిజమనిపిస్తుంది. పెయిన్ తొలి ప్రయోగానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కావాల్సినవి సమయం, చెదిరిపోని చోటు. టటూష్ మకా ఆదివాసీలది, వాళ్ల అనుమతితోనే ఆయన అక్కడ పని చేశారు. విశాఖ నుంచి భీమిలి దాకా మనకూ రాతి తీరం ఉంది, పక్కనే ఆంధ్ర యూనివర్సిటీ ఉంది. అక్కడ కొన్ని మీటర్ల రాతిని టూరిస్టులు తొక్కకుండా పాతికేళ్లు వదిలేయాలంటే ఎంతమంది అధికారులు ఒప్పుకోవాలో తెలీదు గానీ, ముందుగా అడగాల్సింది మాత్రం అక్కడి మత్స్యకారులనే.