వియన్నా వేదికను బట్టి వాళ్ల వాయింపును తూచకండి
2015లో వియన్నాలో జరిగిన యూరోప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో సెమీఫైనల్ దాటలేదు కాబట్టి ఫిన్లాండ్ పంక్ రాక్ బృందం పెర్టి కురికన్ నిమిపైవాట్‌కు వాయించడం అంతంతమాత్రమే అన్న మాటతో నేను ఏకీభవించను. ఆ పోటీలో లైవ్‌గా వినిపించేది గొంతు ఒక్కటే. గిటార్, బేస్, డ్రమ్స్ అన్నీ ముందే రికార్డు చేసిన ట్రాక్‌లోంచి రావాల్సిందే, అది నియమం. పాటకూ పాటకూ మధ్య స్టేజి మార్చడానికి దొరికేది నిమిషం లోపే. అంతలో డ్రమ్ సెట్‌కు మైకులు బిగించి లెవెల్స్ చూసుకోవడం ఎవరివల్లా కాదు. ఒకరినొకరు వింటూ వాయించే బృందానికి ఇది పెద్ద దెబ్బ. లైవ్‌లో గాయకుడు ఒక లైను ఆలస్యంగా అందుకుంటే డ్రమ్మర్ అదే దరువును ఇంకో చుట్టు తిప్పి అతన్ని కలుపుకుంటాడు, ట్రాక్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పైగా వాళ్ల పాట 1 నిమిషం 27 సెకన్లే, యూరోవిజన్ చరిత్రలోనే అతి చిన్నది. తడబడితే సర్దుకునే వ్యవధి ఎక్కడిది? వాళ్ల వాయింపు తెలియాలంటే 2012 నాటి డాక్యుమెంటరీ ‘ది పంక్ సిండ్రోమ్’ చూడాలి. అందులో రిహార్సల్స్, కచేరీలు, కీచులాటలు అన్నీ ఉన్నాయి. బృందంలోని వాళ్లు మేధో వైకల్యం ఉన్నవాళ్లు కదా అని దర్శకులు వాళ్ల కోపాన్ని కత్తిరించలేదు, అది నాకు బాగా నచ్చింది. ఆ కోపమే వాళ్ల సాహిత్యం. యూరోవిజన్ పాటే చూడండి: ఎప్పుడూ గిన్నెలు తోమాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మిఠాయి తినకూడదు, స్నేహితుల్ని కూడా కలవకూడదు. రోజంతా ఎవరో ఒకరు ఆజ్ఞాపిస్తుంటే పుట్టే మాటలవి.